గర్భిణి తెల్లబట్ట: నమాజు మాట, వైద్యం మాట

ఆరవ నెల గర్భిణి అయిన ఒక సోదరి తన ఆడబిడ్డ చేత మాకు ఒక ప్రశ్న రాయించి పంపారు. పదిహేను రోజులుగా తెల్లబట్ట అవుతోంది, మర్మస్థానంలో విపరీతమైన దురద, మూత్రానికి వెళ్ళినప్పుడు మంట. తహారత్ నిలవడం లేదన్న అనుమానంతో రోజుకు ఆరేడు సార్లు సబ్బుతో కడుగుతున్నారు. అయినా మనసు కుదుటపడక చివరకు నమాజు మానేశారు. ఈ నమాజులకు ఖజా ఉందా అన్నదొక్కటే ఆమె ప్రశ్న. డాక్టరు ప్రస్తావన ఉత్తరంలో ఎక్కడా లేదు. అందుకే మస్‌అలాతో పాటు వైద్యం సంగతి కూడా చెప్పవలసి వస్తోంది.

ముందు నమాజు. తెల్లబట్ట హైజ్ కాదు, నిఫాస్ కాదు. దీనివల్ల గుస్ల్ విధి కాదు, నమాజు మాఫీ కాదు. లోపలి నుండి వచ్చే స్రావంతో వుజూ పోతుందన్నది అధిక సంఖ్యాక ఉలమాల మాట కనుక బట్టకు అంటిన చోటు కడిగి, మళ్ళీ వుజూ చేసుకుంటే చాలు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ ముగించేంత వ్యవధి కూడా ఇవ్వకుండా స్రావం సాగుతూనే ఉంటే, హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆమె మాజూర్. వేళకొక వుజూ చేసుకుని, ఆ వేళ ముగిసేదాకా నిశ్చింతగా నమాజు చేసుకోవచ్చు. మానేసిన నమాజులకు ఖజా ఉంది. ఓపికను బట్టి మెల్లగా తీర్చుకోవచ్చు.

ఇక కడగడం గురించి. ఇస్తింజాలో శుభ్రపరచవలసింది వెలుపలి భాగాన్ని మాత్రమే. యోని లోపల కడగమని షరీఅత్ ఎవరినీ ఆదేశించలేదు. లోపల మేలుచేసే సూక్ష్మజీవులు కొంత ఆమ్లగుణాన్ని నిలిపి ఉంచి రక్షణ ఇస్తాయి. సబ్బునీళ్ళు, క్రిమిసంహారక ద్రావణాలు, సువాసన ద్రవాలు లోపలికి పోస్తే ఆ రక్షణ చెదిరి, ఒరిసిన చర్మం మరింత మండుతుంది. మంచినీళ్ళతో, ముందు నుండి వెనుకకు కడిగి, మెత్తని బట్టతో తడి అద్దుకుంటే తహారత్ సంపూర్ణమే. అంతకు మించినది వస్వసా. వదులైన నూలు లోదుస్తులు వేసుకుని, తడిసిన వెంటనే మార్చుకోవాలి.

గర్భిణులలో తెల్లబట్ట అంతా వ్యాధి కాదు. పలుచగా, పాలరంగులో, దుర్వాసన లేకుండా ఉంటే అది గర్భంతో సహజంగా పెరిగేదే. పెరుగు తరకల్లా చిక్కగా ఉండి, దురద, మంట, ఎరుపు తోడైతే కాండిడా అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. ఈస్ట్ ఇన్ఫెక్షన్ అని డాక్టర్లు అనేది దీన్నే. ఇది చాలామంది స్త్రీల శరీరంలో మామూలుగానే కొద్దిపాటిగా ఉంటుంది. గర్భకాలపు హార్మోన్ల వల్ల, రక్తంలో చక్కెర పెరగడం వల్ల, ఒక్కోసారి యాంటీబయాటిక్ మందుల తర్వాత విజృంభిస్తుంది. ఇది మాటిమాటికీ తిరగబెడితే చక్కెర పరీక్ష చేయించడం అవసరం.

దీన్ని లైంగిక వ్యాధుల కోవలో లెక్కించరు. ఈ మాట భర్తలు, అత్తలు చెవిన వేసుకోవాలి. కోడలికి తెల్లబట్ట అనగానే ఎక్కడినుండి వచ్చిందని ఆరా తీసే ఇళ్ళు మాకు తెలుసు. అది బద్‌గుమానీ, పైగా అజ్ఞానం. శరీరంలో ఉన్న శిలీంధ్రం పెరిగినందుకు ఒక విశ్వాసిని శీలాన్ని శంకించడం ఎంత పెద్ద పాపమో వారు ఆలోచించాలి.

చికిత్స సులభమే. గర్భిణులకు క్లోట్రిమజోల్ వంటి మందును యోనిలో పెట్టుకునే బిళ్ళగానో క్రీముగానో సాధారణంగా ఏడు రాత్రులకు రాస్తారు. రెండో రాత్రికే దురద తగ్గిందని ఆపకూడదు. గొట్టంతో లోపలికి పెట్టాలో, వేలితో పెట్టాలో డాక్టరునే అడగాలి. రంజాన్‌లోనైతే ఇఫ్తార్ తర్వాత పెట్టుకుంటే ఉపవాసం గురించిన సందేహానికే తావుండదు.

ప్రమాదం మరోచోట ఉంది. సిగ్గుతో భార్య డాక్టరు వద్దకు వెళ్ళదు, భర్త మెడికల్ షాపుకు వెళ్ళి గర్భం మాట ఎత్తకుండా దురదకు మందు అడుగుతాడు. ఆ దుకాణదారు ఫ్లూకొనజోల్ మింగుడు బిళ్ళ చేతిలో పెడతాడు, లేదా స్టిరాయిడ్ కలిసిన క్రీము ఇస్తాడు. ఆ బిళ్ళను గర్భిణి, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టరు చెప్పకుండా మింగరాదు. స్టిరాయిడ్ క్రీము దురదను కప్పిపుచ్చుతుందే కాని శిలీంధ్రాన్ని చంపదు. వెల్లుల్లి, పెరుగు లోపల పెట్టే చిట్కాలూ వద్దు.

పసుపు లేదా ఆకుపచ్చ రంగు, చేపవాసన ఉంటే అది వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు, దాని మందు వేరు. నీరు కారినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా, రక్తం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అది ఇస్తిహాజానా కాదా అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు.

హయా విశ్వాసంలో భాగమే. అయితే హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల గుస్ల్ గురించిన ప్రశ్నను దైవప్రవక్త (సఅసం) సన్నిధిలోనే అడిగారు. ధర్మజ్ఞానం నేర్వడానికి సిగ్గు అడ్డురానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. లేడీ డాక్టరు దొరికితే మంచిది. దొరకనప్పుడు మరో స్త్రీ తోడుగా పురుష డాక్టరుకు అవసరమైనంత మేరకు చూపించుకోవడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి, ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతుంది. నోటితో చెప్పలేని సోదరి ఒక చీటీ మీద ఇంత రాసి డాక్టరుకు అందిస్తే సరిపోతుంది: ఎన్నో నెల, ఎన్ని రోజులుగా, రంగు, వాసన, దురద ఉందా, ఇంతవరకు ఏ మందు వాడారు, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా.