నమూనా ఇంజను: బొమ్మా? ప్రతిరూపమా?

ఆవిరి రైలింజను నమూనాలను నిర్మించడం పొద్దుపోనివారి కాలక్షేపమని పెక్కుమంది భావిస్తారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. పెట్టెలో విడిభాగాలుగా లభించే కిట్టును ముందుంచుకొన్న నిర్మాతకు, తాళపత్ర ప్రతులను ముందుంచుకొన్న గ్రంథపరిష్కర్తకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏ పాఠం ప్రామాణికం?

సుప్రసిద్ధమైన 'రాకెట్' ఇంజనునే ఉదాహరణగా గ్రహిద్దాం. 1829 అక్టోబరులో ఇంగ్లండులోని రెయిన్‌హిల్ పోటీలో అది విజయం సాధించిన నాడు దాని సిలిండర్లు బాగా ఏటవాలుగా ఉండేవి. అచిరకాలంలోనే వాటిని దించి, దాదాపు నేలకు సమాంతరంగా అమర్చారు. 1862లో మ్యూజియానికి చేరిన అసలు ఇంజను ఈ మారిన రూపంలోనిదే. కావున దానిని స్వయంగా కొలిచి వచ్చినవాడు సైతం రెయిన్‌హిల్ నాటి రాకెట్‌ను యథాతథంగా నిర్మించలేడు. ఇంజనును ఎంచుకోవడంతో సరిపోదు. సంవత్సరాన్ని కూడ ఎంచుకోవాలి.

కిట్టు పనిలో హస్తనైపుణ్యం అవసరమే. తెల్లలోహపు పోతభాగాలను సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగే టంకంతో అతకాలి. మామూలు టంకానికి కావలసిన వేడి తగిలితే భాగమే కరిగిపోవచ్చు. అయితే అసలు పరీక్ష అతుకులు పూర్తయిన పిదప మొదలవుతుంది. సన్నని ఇత్తడి తీగతో గొట్టాలు, చేతిపట్టీలు అమర్చేటప్పుడు, ఎన్ని చేరిస్తే అంత అందమనే వ్యామోహం కలుగుతుంది. ఆనాటి ఛాయాచిత్రంలో కనిపించని గొట్టాన్ని శోభ కొరకు తగిలించడం కావ్యంలో ప్రక్షిప్త పద్యాన్ని చొప్పించడం వంటిదే.

సంపూర్ణ ప్రామాణికత అసాధ్యం గదా అని కొందరు ఆక్షేపించవచ్చు. నిజమే. బ్రిటిషు 'ఓఓ' నమూనాలలో అడుగుకు 4 మిల్లీమీటర్ల కొలత వాడతారు. ఆ లెక్కన 4 అడుగుల 8½ అంగుళాల పట్టాల ఎడం 18.83 మిల్లీమీటర్లు కావాలి. వాడేది మాత్రం 16.5. ఇది అందరికీ తెలిసిన రాజీ గనుక ఎవరూ మోసపోరు. తెలియకుండా చొరబడే కల్పనయే ప్రమాదకరం.

మన దేశపు ఇంజనుకు నమూనా చేయదలచినవారికి ఈ బాధ్యత మరింత బరువైనది. అదే కొలతలో మన బ్రాడ్‌గేజి 22 మిల్లీమీటర్లవుతుంది. 1947-67 మధ్య 755 డబ్ల్యు.పి. ఇంజనులు అమెరికా, కెనడా, పోలండు, ఆస్ట్రియా కర్మాగారాలలోను, మన చిత్తరంజన్‌లోను తయారైనాయి. చిత్తరంజన్‌లో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను 'అంతిమ్ సితారా' 1970లో వెలువడింది. గత శతాబ్దం ముగిసేనాటికి మన ప్రధాన మార్గాలలో ఆవిరి కనుమరుగైంది. వాటిని నడిపినవారు, బొగ్గు వేసినవారు, మరమ్మతు చేసినవారు నేడు వృద్ధులు. ఏ గొట్టం ఎందుకుండెనో, ఏ రంగు ఎప్పుడు మారెనో చెప్పగల సాక్షులు వారే.

విద్యార్థి మిత్రులారా! కిట్టు కొనే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. కాని మీ ఊరి స్టేషను ముందు నిలిపిన పాత ఇంజనును కొలవడానికి ఒక టేపు, ఒక నోటుపుస్తకం చాలు. ఇంజను సంఖ్య, కొలతలు, తేదీ వ్రాయండి. రైల్వేలో పనిచేసిన మీ తాతగారిని అడిగి, ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే వ్రాయండి. రేపు నమూనా నిర్మించేవానికి ఆ పుస్తకమే మూలప్రతి అవుతుంది.