చిరునామా ఒకటే, హద్దులు అనేకం

ఊరి పేరు చెబితే మండలం, మండలం పేరు చెబితే జిల్లా తెలిసిపోవడం మనకు అలవాటు. గ్రామాలు కలిస్తే మండలం, మండలాలు కలిస్తే రెవెన్యూ డివిజన్, డివిజన్లు కలిస్తే జిల్లా. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలు తెచ్చినా, 2016లో తెలంగాణ 10 జిల్లాలను 31 చేసినా, 2022లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలను 26 చేసినా ఈ వరస మారలేదు. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా, అందులో ఇంకా చిన్న డబ్బా.

అమెరికాలో ఇల్లు కొనే మన వాళ్లు చాలామంది ఇదే లెక్క వేసుకుంటారు. ఇక్కడ నేల పంపకం అలా ఉండదు. ఒకే ఇంటి మీదుగా నాలుగైదు హద్దులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వెళ్తుంటాయి.

డల్లాస్‌కు ఉత్తరాన తెలుగువారు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే చూడండి. ఊరు ఒకటే అయినా కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఊళ్లోని ఇళ్లన్నీ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకే రావు. కొన్ని లూయిస్‌విల్, కొన్ని లిటిల్ ఎల్మ్, కొన్ని ప్రాస్పర్ స్కూల్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. ఇక జిప్ కోడ్ సంగతి వేరు. ఉత్తరాల బట్వాడా సులువు కావడానికి తపాలా శాఖ 1963లో తెచ్చిన అంకె అది. ఊరి పొలిమేరను గానీ, స్కూలు హద్దును గానీ అది చెప్పదు. చిరునామాలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు ఆ ఊరి పరిధిలో ఉన్నట్టూ కాదు. నగర పరిధి బయట లేచే కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ కోసం మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే మరో సంస్థ ఉండవచ్చు. దానికీ మనం పన్ను కట్టాలి.

ఈ హద్దులు పటం మీద గీతలే కదా అనుకుంటే పొరపాటు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. స్థానిక సంస్థలు ఎక్కువగా ఆస్తి పన్ను మీదే నడుస్తాయి, అందులో పెద్ద వాటా సాధారణంగా స్కూలుకే పోతుంది. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లకు పన్నూ, పిల్లల బడీ వేరు కావచ్చు.

భూమి పంపకానికీ బడికీ ఈ దేశంలో ముడి పాతదే. 1785 నాటి భూ చట్టం పశ్చిమ భూములను 6 మైళ్ల చదరపు టౌన్‌షిప్‌లుగా, ఒక్కోదాన్ని 640 ఎకరాల సెక్షన్లు 36గా విడగొట్టి, 16వ సెక్షన్‌ను బడుల కోసం కేటాయించింది. టెక్సాస్ ఆ కొలతలో లేదు గానీ, గీత ఎక్కడ పడిందన్న దాని మీదే పిల్లల చదువు ఆధారపడటం ఇక్కడా కనిపిస్తుంది.

మనలో లోటు ఒకటుంది. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు పది సార్లు చూస్తాం. కొన్నాక ఆ స్కూలును నడిపే బోర్డు సభ్యుల పేర్లు కూడా తెలియవు. కాలనీ పిల్లలను వేరే బడికి మారుస్తున్నారంటే మేయర్ దగ్గరికి పరుగెడతాం. ఆ నిర్ణయం మేయర్ చేతిలో ఉండదు, స్కూల్ బోర్డు చేతిలో ఉంటుంది. చాలాచోట్ల మే నెలలో జరిగే ఈ స్థానిక ఎన్నికల్లో ఓటు వేసేవారే తక్కువ. అంటే వంద ఓట్లకు కూడా విలువ ఉంటుంది. పౌరసత్వం రానివారు ఓటు వేయలేకపోయినా, బోర్డు సమావేశానికి వెళ్లి ఎజెండాలోని అంశంపై మాట్లాడవచ్చు.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు జిప్ కోడ్‌తో సరిపెట్టుకోకండి. కౌంటీ, నగరం, స్కూలు, యుటిలిటీ డిస్ట్రిక్టులు ఏవో అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డుల్లో ఆ ఇంటి పేరుతోనే చూడండి. మన సంఘాలు ఉగాది, సంక్రాంతి వేడుకల మధ్య ఒక గంట ఈ అవగాహనకు కేటాయిస్తే మేలు. 2030 జనగణన వస్తోంది. వీసా ఏదైనా ఇక్కడ నివసించే ప్రతివారినీ అందులో లెక్కిస్తారు. ఆ లెక్కలతోనే ప్రాతినిధ్య నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారు. గీసేటప్పుడు మాట్లాడితే ప్రయోజనం. గీశాక బాధపడితే మరో పదేళ్లు ఆగాల్సి రావచ్చు.