సంపాదకుని మాట: గట్టు తెగనివ్వని వైద్యం

కృష్ణా డెల్టా రైతుకు ఓ సంగతి బాగా తెలుసు: కాలువ నీరు తన మడికే చేరాలి, గట్టు తెగి పక్క చేను మునగకూడదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌దీ అదే ధర్మం. ఆ గ్రంథి వెనకే పురీషనాళం ఆనుకుని ఉంటుంది. దానికి కిరణాలు ఎక్కువగా తగిలితే విరేచనాలు, మంట. ఒక్కోసారి నెలల తర్వాత రక్తం పడటం.

గట్టు వేసే దారులు ఇవాళ ఉన్నాయి. గ్రంథి ఆకారానికి తగ్గట్టు కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ, స్కాన్‌తో గురి సరిచూసే ఐజీఆర్‌టీ, గ్రంథికీ పురీషనాళానికీ మధ్య సుమారు సెంటీమీటరు ఎడం కల్పించి కొన్ని నెలల్లో కరిగిపోయే హైడ్రోజెల్. ఖర్చులేని జాగ్రత్త మరొకటి: డాక్టరు చెప్పినట్టు మలవిసర్జన ముగించుకుని, మూత్రాశయం నింపుకుని చికిత్స బల్ల ఎక్కడం.

న్యూయార్క్‌లో రేడియేషన్ వైద్యుడిగా పేరు పొంది, 2015లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు పుట్టింది మన కృష్ణా జిల్లా మంటాడలోనే. అలాంటి నేల మీద మన నాన్నలు, తాతలు ఈ బాధను సిగ్గుతో దాచుకోకూడదు. వారి వెంట విజయవాడ ఆసుపత్రులకు వచ్చే బిడ్డలారా, వారు అడగలేనిది మీరు అడగండి. రక్తం కనబడితే మొలలేనని సరిపెట్టుకోకండి.

— సంపాదకుడు