నిఘాకు లెక్క చెప్పేదెవరు?

సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలు చదివినప్పుడల్లా నా చూపు ఒక పేరు దగ్గర ఆగిపోతుంది. ఇంటెలిజెన్స్ బ్యూరో, ‘రా’, ఎన్‌ఎస్‌జీల సరసన అండమాన్ నికోబార్ స్పెషల్ బ్రాంచి (సీఐడీ) కూడా ఉంది. విదేశాల్లో గూఢచర్యం నడిపే సంస్థకు ఎంత గోప్యతో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని పోలీసు విభాగానికీ అంతే గోప్యత అన్నమాట.

దీవుల భద్రతను తేలిగ్గా తీసుకోవాలని నేను అనను. ఒకవైపు మలక్కా జలసంధి, మరోవైపు మయన్మార్ కోకో దీవులు. 2001 నుంచి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ అక్కడే ఉంది. విదేశీ గూఢచారులపై కన్నేసి ఉంచాల్సిందే. కానీ గ్రేట్ నికోబార్‌లో అడవి నరకొద్దని అడిగే కార్యకర్త గూఢచారి కాడు. ఈ తేడాను నిర్ణయించేది ఎవరు? నిఘా పెట్టేవారే!

ఫోన్ వినాలంటే సాధారణంగా హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి. 1996 నాటి పీయూసీఎల్ తీర్పుతో సమీక్ష సంఘం వచ్చింది, అందులోనూ అధికారులే. మఫ్టీలో సభకు వెళ్లడానికి, ఒక సంఘంలోకి తమ మనిషిని పంపడానికి ఆపాటి ఉత్తర్వు కూడా అక్కర్లేదు. మానవ హక్కుల ఉల్లంఘన సమాచారానికి సమాచార హక్కు చట్టం మినహాయింపు ఇచ్చింది, నిజమే. అయితే తనపై నిఘా ఉందని తెలియనివాడు ఉల్లంఘన జరిగిందని ఎలా అడుగుతాడు?

2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మన కళ్ల ముందుంది. మావోయిస్టుల కోసం ఏర్పాటైన ఎస్‌ఐబీని ప్రతిపక్ష నేతలు, జర్నలిస్టులపైకి మళ్లించారని, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఆ కేసు పెట్టింది ప్రభుత్వం మారాకే. అండమాన్‌లో శాసనసభే లేదు, ఉన్నది ఒక్క ఎంపీ. లెఫ్టినెంట్ గవర్నర్‌ను అక్కడి ఓటరు మార్చలేడు.

1968 నుంచి ఉద్యమ సంఘాల్లో మారుపేర్లతో చేరిన పోలీసులపై బ్రిటన్ 2015లో బహిరంగ విచారణకు సిద్ధపడింది. దానివల్ల ఆ దేశ భద్రత కూలిపోలేదు.

నేను కోరేది మూడే. పౌర సంఘాల్లోకి పోలీసులను పంపాలంటే న్యాయమూర్తి అనుమతి ఉండాలి. ఏటా ఎందరిపై నిఘా పెట్టారో, పేర్లు లేకుండా, సంఖ్య మాత్రం పార్లమెంటుకు చెప్పాలి. నేరమేదీ తేలకపోతే ఆ ఫైలు మూసి, సదరు పౌరుడికి తెలియజేయాలి. శత్రువు నుంచి దాచాల్సిన రహస్యాలు దేశానికి ఉంటాయి. సొంత పౌరుడికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం వాటిలో ఒకటి కాకూడదు.