గౌరవం సరే, సంఘమేదీ?

సంఘం పెట్టుకోవడం జంషెడ్‌పూర్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉక్కు కార్మికులు 1920లోనే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇప్పటి టాటా వర్కర్స్ యూనియన్‌కు మూలం అదే. దీనబంధు ఆండ్రూస్, ఆ తర్వాత సుభాష్ చంద్రబోస్ దానికి అధ్యక్షులుగా చేశారు. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మనవాళ్లకూ ఆ గాలే సోకింది. కద్మాలో ఏడీఎల్ సొసైటీ, ఆంధ్రా అసోసియేషన్, బిష్టుపూర్‌లో రామమందిరం, వాటికి కమిటీలు, కమిటీల్లో వర్గాలు. ఎన్నికైన మునిసిపాలిటీకి నోచుకోని ఊరే గానీ, సంఘాల ఎన్నికలకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు.

ఇలాంటి ఊళ్లోనూ చెప్పుకోదగ్గ సంఘం లేనివాళ్లు ఉన్నారు. బస్తీల్లో కుర్రకారుతో పనిచేసేవాళ్లు.

సాయంత్రం ఐదింటికి బాగ్‌బేడా బస్తీ మైదానంలో బంతికి గాలి కొట్టే అమ్మాయిని చూడండి. పిల్లలంతా దీదీ అంటారు. ఆట అయ్యాక హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించాలి, బ్యానర్ పట్టించి ఫొటో తీయాలి, బ్యానర్ మీద పేరు కనపడలేదంటే మళ్లీ నిలబెట్టి తీయాలి. దాన్ని సంస్థలో పైవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఇంటర్ తప్పి ఇంట్లో చెప్పకుండా పోయిన కుర్రాడి కోసం స్టేషన్‌కు పరుగు. పదిహేడేళ్లకే పెళ్లి కుదిర్చిన ఇంటికి వెళ్లి, తల్లితో మెల్లిగా మాట్లాడి, తండ్రి చేత తిట్లు తినడం. జిగురు పీల్చడం మరిగిన పిల్లాణ్ని డాక్టరు దగ్గరికి నడిపించడం. ఆమె నింపే ఏ ఫారంలోనూ వీటికి గడి ఉండదు.

ఈ పనికి మన దేశంలో ఉన్న ధర కూడా చెప్పుకుందాం. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలకు బ్లాకుకు ఇద్దరు చొప్పున రాష్ట్రీయ యువ స్వయంసేవకులుండేవారు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, మహా అయితే రెండేళ్లు. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో, ఏ కుర్రాడు ఎవరి మాట వింటాడో తెలిసేసరికి ఆ రెండేళ్లూ అయిపోయేవి. వాళ్లు నేర్చుకున్నది వాళ్లతోనే పోయేది. కొత్తవాళ్లు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టేవారు. 2023 అక్టోబరులో మేరా యువ భారత్ వచ్చింది, పోర్టల్ వచ్చింది. ఈ పనిని జీవనోపాధిగా చేసుకోవాలనుకునేవాళ్ల సంగతి మాత్రం కదల్లేదు. మనకు సేవ అనే మాట వినపడగానే జీతం అడగడం తప్పనిపిస్తుంది!

ఈ వృత్తి మనకు కొత్తదీ కాదు, సరిహద్దులు దాటడమూ కొత్త కాదు. దోర్నకల్ బిషప్‌గా తెలుగువాళ్లకు తెలిసిన వి.ఎస్. అజరయ్య అంతకుముందు దక్షిణాదిలో వైఎంసీఏ కార్యదర్శిగా యువకుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సభకూ వెళ్లివచ్చారు. కామన్వెల్త్ యువజన కార్యక్రమం 1973లో మొదలైంది. దాని ఆసియా కేంద్రం చాలా ఏళ్లు మన చండీగఢ్‌లోనే ఉండి, ఈ పనికి ప్రత్యేకంగా డిప్లొమా నడిపింది. ఇప్పుడది లేదు. మనం ఆగిన చోటి నుంచి మిగతావాళ్లు ముందుకెళ్లారు. మన జిల్లాలో ఓ మూలకు సరిపోయే మాల్టా 2014లో యువజన పనిని వృత్తిగా గుర్తిస్తూ చట్టమే చేసింది. కామన్వెల్త్ దేశాల్లోని యువజన కార్యకర్తల సంఘాలు కలిసి కూటమి కట్టుకున్నాయి.

ఆ కూటమితో బాగ్‌బేడా దీదీకి ఒరిగేదేమిటని అడగొచ్చు. విమానం టికెట్లూ, మెడలో ట్యాగులూ అయితే ఏమీ లేదు. కానీ పిల్ల చెప్పిన రహస్యాన్ని ఎంతవరకు దాచాలి, ఎప్పుడు పోలీసుకు చెప్పి తీరాలి, తలుపు వేసిన గదిలో పిల్లలతో ఒంటరిగా ఉండొచ్చా, బెదిరింపు వస్తే వెనక ఎవరు నిలబడతారు? ఈ ప్రశ్నలకు తలో దేశంలో దెబ్బలు తిని నియమాలు రాసుకున్నవాళ్లున్నారు. అవి తెచ్చుకుని మన బస్తీకి తగ్గట్టు మార్చుకుంటే ఆమె రాత్రి కాస్త నిద్రపోతుంది. ఆ నియమాలను ఒక్కతే తెచ్చుకోలేదు, పైవాళ్లను ఒప్పించనూ లేదు. దానికి సంఘం కావాలి.

గౌరవ వేతనం వాళ్లకు హక్కులేమిటనేవాళ్లు అంగన్‌వాడీలను గుర్తుచేసుకోవాలి. వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు ఎస్మా పెట్టినా వాళ్లు బెదరలేదు. యూనియన్ లేకపోతే ఆ సమ్మె రెండో రోజునే చల్లబడేది.

నాకున్న భయం వేరు. సంఘం పేరుతో స్వచ్ఛంద సంస్థల యజమానులే కుర్చీల్లో కూర్చుని, దీదీల చేత ఆ కుర్చీలు మోయిస్తారేమోనని. లెటర్‌ప్యాడ్ సంఘాలు మనకు చాలానే ఉన్నాయి. అందుకే సభ్యత్వం మైదానంలో పనిచేసేవాళ్లకే ఉండాలి, జీతమిచ్చేవాళ్లకు వద్దు. టాటా వర్కర్స్ యూనియన్‌లో పాతకాపులు వచ్చి చందా పుస్తకం ఎలా రాయాలో, యాజమాన్యంతో ఎలా కూర్చోవాలో ఒక పూట చెబితే చాలు. కద్మాలో మన సంఘాలకు హాళ్లున్నాయి. నెలకో ఆదివారం అద్దె తీసుకోకుండా ఇవ్వండి. శాలువాలూ, ముఖ్య అతిథీ అక్కర్లేదు.