సర్టిఫికెట్ సరే, మీటర్ ఎంత తిరిగింది?

ఆ మధ్య మామిడికాయల సీజన్లో మా నూజివీడు వెళ్ళినప్పుడు, పొలం కాగితాల పని మీద ఒక ప్రభుత్వ ఆఫీసులో రెండు పూటలు కూర్చోవాల్సి వచ్చింది. (ఏ ఆఫీసో చెప్పను, మళ్ళీ అక్కడే పనుంది :)) కొత్త బిల్డింగే. పడమటి వైపు నిలువెత్తు అద్దాలు. మధ్యాహ్నం ఎండ నేరుగా టేబుళ్ళ మీదకి కొడుతోందని ఆ అద్దాలకి పాత పేపర్లు అంటించేశారు. దాంతో లోపల చీకటి. చీకటి కాబట్టి పట్టపగలు ట్యూబులైట్లు! పక్కన ఖాళీ హాల్లో పన్నెండు ఫాన్లు గిరగిరా తిరుగుతున్నాయి. "బాబాయ్, ఆ ఫాన్లు ఆపొచ్చుగా?" అంటే, "స్విచ్చులు ఆ గదిలో ఉన్నాయి బాబూ, తాళం సారు దగ్గరుంది" అన్నాడు అటెండరు.

గుమ్మం పక్కన మాత్రం నున్నటి శిలాఫలకం. శంకుస్థాపన ఎవరు, ప్రారంభోత్సవం ఎవరు, అన్నీ ఉన్నాయి. ఏడాదికి ఈ బిల్డింగు ఎంత కరెంటు తింటుందో మాత్రం లేదు.

ఊరికే కూర్చోలేక లెక్కేశాను. మామూలు ఫాను 75 వాట్లు. 12 ఫాన్లు, రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 2160 యూనిట్లు. మనుషుల్లేని ఒక్క హాలుకి! మనుషులున్నా సరే, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫాన్లు పెడితే 864తో సరిపోతుంది.

మనకి చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2002లో బీఈఈ, 2007లో బిల్డింగుల కోడ్ ఈసీబీసీ. 2003లో హైదరాబాదులో సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి లీడ్ ప్లాటినం వచ్చింది. అమెరికా బయట ఆ రేటింగు తెచ్చుకున్న మొదటి బిల్డింగు మనదే. గర్వపడాల్సిందే, కాదనను. కానీ 2017 ఈసీబీసీ చూడండి. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్, లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ దాటిన వాటికే అది వర్తిస్తుంది. మరి మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు, బడి, ఆస్పత్రి? అంత లోడు వాటికెక్కడిది!

ఇంకో తిరకాసు. కోడ్ చూసేది ముఖ్యంగా డిజైన్ని. గోడ ఎంత మందం, అద్దం ఎలాంటిది, ఏసీ ఏ రకం అని. కట్టాక ఎలా వాడుతున్నారన్నది వేరే కథ. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. రిసెప్షన్లో సీఎంఎం లెవెల్ 5 బోర్డు మెరిసిపోతుంటుంది, లోపల అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోయి మనం జుట్టు పీక్కుంటుంటాం. టెస్టింగులో పాసయితే ప్రొడక్షన్లో నడిచినట్టేనా?

బ్రిటన్ వాళ్ళు ఈ తేడాని పట్టుకున్నారు. బిల్డింగు ఎలా కట్టారన్నదానికి ఒక సర్టిఫికెట్, నిజంగా ఎంత వాడిందన్నదానికి ఇంకోటి. ఈ రెండోదాన్ని 2008 నుంచి పెద్ద ప్రభుత్వ భవనాల్లో జనానికి కనపడేలా పెట్టాలన్నారు, ఏ నుంచి జీ దాకా గ్రేడుతో. మొదట 1000 చదరపు మీటర్లు దాటినవాటికి, 2015 నుంచి 250 దాటినవాటికి. మన బీఈఈ కూడా 2009లో ఆఫీసు బిల్డింగుల స్టార్ రేటింగు తెచ్చింది. ఏడాది యూనిట్లని చదరపు మీటర్లతో భాగించడమే, దాన్నే ఈపీఐ అంటారు. పద్ధతి మంచిదే. కానీ ఇష్టముంటే తీసుకోవచ్చు, లేకపోతే లేదు.

"చిన్న ఆఫీసులకి కూడా ఆడిట్లంటే ఖర్చు కాదా?" అంటారు. ఆడిట్ ఎవరడిగారండీ? కరెంటు బిల్లులో యూనిట్లున్నాయి, ప్లానులో విస్తీర్ణం ఉంది. ఇది ఐదో తరగతి భాగహారం!

అసలైన ప్రశ్న ఇంకోటుంది. డాక్టరు రాక తాళం వేసుకున్న ఆస్పత్రికి యూనిట్లు తక్కువే కాలతాయి కదా, దానికి ఐదు నక్షత్రాలిస్తామా? నిజమే. పేషెంటు చెమటలు కక్కుతుంటే మిగిలిన కరెంటు పొదుపు కాదు. అందుకే యూనిట్ల పక్కనే ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచారు, ఎంతమంది వచ్చారు, కరెంటు ఎన్ని గంటలు పోయింది అనేవి కూడా రాయాలి.

మా వైపు చిన్నరసం కొనేటప్పుడు రంగు చూసి మోసపోరు. కార్బైడ్ పెట్టినా పచ్చగా నిగనిగలాడుతుంది. ముచ్చిక దగ్గర వాసన చూస్తారు. బిల్డింగుకి ముచ్చిక మీటరే. ఆ బిల్లు కట్టేది అటెండరు బాబాయీ కాదు, తాళం పెట్టుకున్న సారూ కాదు. మనం. అందుకే ఆ శిలాఫలకం పక్కనే, అదే సైజులో, ఈ ఏడాది ఎన్ని యూనిట్లు, పోయినేడాది ఎన్ని అని రాసి పెట్టమంటున్నాను. ఏటా మార్చాలి కాబట్టి రాయి అక్కర్లేదు, సుద్దముక్కతో రాసినా చాలు.