రెల్లు పీకిన ఒడ్డు



దసరా సెలవుల్లో గోదావరి దాటి ప్రయాణం చేసినవారు లంకల్లో తెల్లగా ఊగే రెల్లుపూలను చూసే ఉంటారు. వాటిని ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పోయరు. అయినా వానలు వెనుకబట్టగానే ఏటేటా పూస్తాయి. ఈ నెల ఆ గడ్డిని గూర్చి, దాని విషయంలో నేను చేసిన ఒక తప్పును గూర్చి చెప్పదలిచాను.

రెల్లుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు శాకరమ్ స్పాంటేనియమ్. ఇందులో రెండవ మాటకు తనంతట తానే మొలిచేది అని అర్థం. వరి, జొన్న, వెదురు అన్నీ దీని కుటుంబమే. చెరకైతే మరీ దగ్గర చుట్టం. మనం పువ్వు అని పిలిచేది నిజానికి చిన్న చిన్న పువ్వులెన్నో కలిసిన ఒక కంకి. ప్రతి చిన్న పువ్వు మొదట్లోనూ పట్టులాంటి తెల్లని నూగు ఉంటుంది. గింజ పండాక ఆ నూగే దాన్ని గాలిలో తేల్చుకుపోతుంది. పుప్పొడిని మోసేది కూడా గాలే గనుక దీనికి తేనెటీగలను పిలిచే పని లేదు. అందుకే దీనికి తేనె లేదు, సువాసన లేదు.

అయితే రెల్లు బలమంతా నేల కిందనే ఉంది. దాని కాండం ఒకటి మట్టిలో అడ్డంగా పాకుతూ గణుపు గణుపుకూ వేళ్ళు దింపుతుంది. పైన కోసినా, కాల్చినా, లోపల ఒక్క గణుపు మిగిలితే చాలు, మళ్ళీ చిగురిస్తుంది.

మన పెద్దలు ఈ గడ్డిని ఎన్నో విధాలుగా చూశారు. కాళిదాసుకు శరదృతువు రెల్లుపూల చీర కట్టిన కొత్త పెళ్ళికూతురిలా కనబడింది. తులసీదాసుకు అదే పూత వానకాలానికి వచ్చిన ముసలితనంలా తోచింది. బెంగాలులో రెల్లు పూసిందంటే దుర్గాపూజ దగ్గర పడినట్టే. కుమారస్వామి రెల్లు పొదలో పుట్టాడని పురాణ కథ. శరవణభవుడు అనే పేరు అందువల్లనే వచ్చింది.

దీని వలన మరొక మేలు కూడా జరిగింది. కోయంబత్తూరులో 1912లో చెరకు పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ బార్బర్, వెంకటరామన్ అనే శాస్త్రజ్ఞులు లావుపాటి తీపి చెరకును ఈ అడవి రెల్లుతో సంకరపరిచారు. 1918లో ‘కో 205’ అనే రకం బయటికి వచ్చింది. ఉత్తర భారతదేశపు చలిని, ఎండను తట్టుకోలేని చెరకుకు ఆ మొండితనం రెల్లు నుంచే దొరికింది. ఈనాడు ప్రపంచంలో పండే చెరకు రకాలు దాదాపు అన్నిటిలోనూ రెల్లు అంశ ఉంది. మన టీలో పడే పంచదార వెనుక ఈ గడ్డి ఉన్నదని ఎంతమందికి తెలుసు?

ఇక నా సంగతి చెబుతాను. మా మందిరం ఒక లంక గ్రామంలో ఏటి ఒడ్డున ఉంది. 2022 వేసవిలో ఆవరణం అందంగా చేయాలని యౌవనస్థులను వెంటబెట్టుకొని పలుగులు, పారలతో ఒడ్డు మీది రెల్లంతా వేళ్ళతో సహా తవ్వించాను. ఆ చోట నర్సరీ నుంచి తెచ్చిన క్రోటన్ మొక్కలు నాటించాము. పక్కనే ఒక విధవరాలికి చిన్న అరటి తోట ఉంది. ఆమె వచ్చి, “అయ్యగారండీ, దాన్ని పీకించకండి. ఒడ్డును పట్టుకున్నది అదేనండి” అన్నది. “పాములు చేరతాయి మామ్మగారూ, శుభ్రంగా ఉండనివ్వండి” అని నవ్వి పంపించేశాను.

ఆ జూలైలోనే పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది. అంత వరదను గడ్డి ఆపుతుందని నేను అనను. కానీ నీరు తీసిన తరువాత చూస్తే, రెల్లు ఉన్నచోట అది ఒరిగి బురదలో పడుకొని ఉంది గాని దాని కింది నేల చాలావరకు నిలిచింది. మేము తవ్విన చోట గట్టు నిలువునా కోసుకుపోయింది. క్రోటన్లు ఒక్కటీ మిగలలేదు. వాటితోపాటు మామ్మగారి అరటి చెట్లు రెండు వరుసలు ఏట్లో కలిసిపోయాయి.

క్షమించమని అడగడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “వేరు ముక్కలు తెచ్చి పాతించండి అయ్యగారండీ, బతుకుతాయి” అన్నది. అదే యౌవనస్థులతో వెళ్ళి పై లంక నుంచి రెల్లు దుబ్బులు తెచ్చి నాటాము. 2023 దసరా నాటికి అక్కడక్కడ కంకులు కనబడ్డాయి. పోయిన అరటి నేల మాత్రం తిరిగి రాలేదు.

రెల్లు అన్నిచోట్లా మంచిదని కాదు. చేలో దిగితే రైతుకు తలనొప్పే. పనామా కాలువ ప్రాంతంలో ఇదే గడ్డి పరదేశం నుంచి వచ్చి, నరికిన అడవి తిరిగి పెరగకుండా అడ్డుపడుతున్నది. దాని చోటు ఏటి ఒడ్డు. అక్కడ దాన్ని ఉండనివ్వాలి.

బైబిలులో రెల్లు అనే మాట తరచుగా బలహీనతకు గుర్తుగా వస్తుంది. ఆ దేశపు రెల్లు వేరే జాతిదైనా గాలికి వంగడం రెంటికీ ఒకటే. వంగే రెల్లును గూర్చి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. దాని వేరును గూర్చి మాత్రం మామ్మగారు చెప్పిననాడు కూడా వినలేదు. మీ ఊళ్ళో ఒడ్డును, చెరువుగట్టును ఎరిగిన పెద్దవారు ఉంటే, పార పట్టకముందే వారిని ఒక మాట అడగండి.